తెల్లబడ్డ సున్నం

రోజు 209

తలనొప్పి. మనసు కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది.

మార్కులు వేసేవాళ్ళు రోజూ ఈ పుస్తకం రాయాలని గవ్వపేటలో రూలు. ఏ రోజు మనసెలా ఉండగా ఎవరి కథకి ఎన్ని వేశామో తరవాత ఎవరికైనా అనుమానం వస్తే తిరగేసి చూసుకోడానికి. అందుకే గిన్నె సంగతి రాశాను.

పొద్దున ఇడ్లీ. తొమ్మిదింటికి ముప్పుకథల సంచీ వచ్చింది. మామూలుగా పది, పన్నెండు కథలుంటాయి. ఈ బుధవారం రెండే. చదవాలి, పదికి మార్కులు వెయ్యాలి, ఆరు దాటినదాన్ని ఆటబల్లకి పంపాలి. నలుగురు కూర్చుని గవ్వలేసి ఆ కథని ఆడతారు. ఆటలో గవ్వపేట ఓడిపోతే బల్ల అంచు నుంచి పని ఆర్డరు చీటీ బయటికొస్తుంది. మర్నాడే మరమ్మతు. సముద్రం అడుగున గని తవ్వుకునే ఈ ఐదంతస్తుల డొల్లలో నూట నలభైమందిమి పదహారేళ్ళుగా ఇలాగే బతికి ఉన్నాం. కంప్లయింటు కాగితమంటూ ఇక్కడ లేదు. ఎవరికైనా ఏదైనా ముప్పు తోస్తే కథ రాయాలి. ఎమ్మే తెలుగు చదివిన నాకు భూమ్మీద దొరకని ఉద్యోగం నీళ్ళ కింద దొరికింది అందుకే.

మొదటి కథ తారకేశ్వరి గారిది. ఆవిడ మా స్టార్ రచయిత్రి. మూడో అంతస్తులో కుట్టుమిషను దగ్గర కూర్చుంటారు, వారానికో ఆక్టోపస్‌ని పుట్టిస్తారు. ఆవిడ ధర్మమా అని మా తలుపులన్నీ మూడు పొరలవి. ఇన్నేళ్ళలో ఒక్క ఆక్టోపస్ కూడా వచ్చి తలుపు తట్టలేదు. ఈసారి దానికి ఇంద్రనీలం రంగు కళ్ళు. 8.

రెండోది గౌరునాయుడిది. అడుగు అంతస్తులో సున్నం కొట్టు చూసే మనిషి. జన్మలో మొదటి కథ. పెన్సిలుతో, రెండు పేజీలు.

మనం వదిలే గాలిలో చెడుని సున్నం పీలుస్తుంది. దాన్ని పళ్ళాల్లో పోసి ఫ్యాన్ల ముందు పెడతారు. సత్తువ అయిపోయిన సున్నం ఊదారంగుకి తిరుగుతుంది, అప్పుడు మారుస్తారు. ఇది ఇక్కడ అందరికీ తెలిసిందే. గౌరునాయుడి కథలో వాడేసిన సున్నాన్ని పక్కన పెడితే పదిరోజులకి మళ్ళీ తెల్లబడుతుంది. పైకి తెలుపే గాని లోపల చచ్చే ఉంటుంది. సరుకు పడవ ఆలస్యమై, పాత పళ్ళాలు కొత్తవాటితో కలిసిపోతాయి. ఏది ఏదో ఎవరికీ తెలియదు. "గాలి మెల్లగా చెడిపోతాది. ఎవులూ పట్టించుకోరు. పట్టించుకోనీకుండా సేసేదే ఆ గాలి. అడుగునున్న ముప్పైయొక్క మందీ ఓ పొద్దున లెగరు. మిగిలినోలు టిఫినుకి ఎల్లిపోతారు." అక్కడితో అయిపోయింది.

నా వ్యాఖ్య ఇక్కడ మళ్ళీ రాసి ఉంచుతున్నాను:

"తెల్లగా కనబడే చావు అనే ప్రతీక అరిగిపోయినది. సంఘర్షణ లేదు. ప్రతినాయకుడు లేడు. ఏమీ అనిపించని మనుషులతో కథ నడవదు. పాఠకుడికీ ఏమీ అనిపించదు. ముగింపు తొందరపాటు. 3."

చదివినప్పుడు నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు.

రోజు 210

మార్కులు భోజనాలశాల గోడకి అంటించాను. గౌరునాయుడు వచ్చి చూశాడు. నలభై ఐదేళ్ళుంటాయి, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పగుళ్ళు. కాగితం కింద చాలాసేపు నిలబడ్డాడు.

"పెతీక అంటే ఏటమ్మా?"

"ఒకటి చెప్పి ఇంకోటి అనిపించడం."

"నాను ఇంకోటేటీ సెప్పలేదమ్మా. సున్నం గురించే సెప్పినాను."

"అదే. మీరు సున్నం అన్నారు, అది చావులా వినిపిస్తుంది. అలాంటివి ఇదివరకే చాలామంది రాసేశారు."

"అవునా?" అని తల గోక్కున్నాడు. "అయితే ముందోలు రాసిందానికి అప్పుడేటి సేసినారో?"

రచయితకి మార్కులు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చనీ, నలుగురు ఆటగాళ్ళ సంతకాలు తెస్తే మార్కులతో పనిలేకుండా కథ బల్లెక్కుతుందనీ చెప్పాను. అది చెప్పడం నా డ్యూటీ.

"నలుగురినా?" మెట్లవైపు చూశాడు. ఆ మెట్లు ఎక్కి దిగడాన్ని మనసులోనే లెక్క వేసుకుంటున్నట్టు. "పోనీలెండమ్మా" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పడుకున్నాను. సాయంత్రం కూడా.

రోజు 213

తారకేశ్వరి గారి ఆక్టోపస్ బల్లెక్కింది. ఆటగాళ్ళ రాజు అన్వర్. నంద్యాలవాడు, గని యంత్రాల మెకానిక్కు, నాకంటే రెండేళ్ళు పెద్ద. కిందటేడాది ఒక గవ్వ వంకరగా పడిందని ఆట మొత్తం మళ్ళీ ఆడించాడు. గెలిస్తే బల్ల మీదెక్కి కూర్చుంటాడు, ఓడిపోయినవాళ్ళ చేత టీ తెప్పించుకుంటాడు.

ఇవాళ గెలిచాడు. గవ్వలు సంచీలో పోసి, సంచీ మూతి కట్టి, లేచాడు.

"ఏం, టీ వద్దా?" అన్నాను.

"దేనికి?"

"గెలిచావుగా."

"గెల్చినానా?" అని బల్లవైపు చూశాడు. "ఆఁ. గెల్చినా."

తలనొప్పి మాత్రలు అయిపోయాయట. కాంపౌండరు చెప్పాడు. ఇంకేం చెయ్యాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రోజు 214

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. వేరే పనేమీ లేక.

రోజు 131: చేపలవేపుడు మాడ్చినందుకు వంటగది మీద నాలుగు పేజీలు. మూడోపేజీలో వంటమేస్త్రీ మీసాల మీద పద్యంలాంటిది ఒకటి. రోజు 140: తారకేశ్వరి గారికి 5 వేసినందుకు ఆవిడ అభిమానులు పదకొండుమంది నా గది ముందు బైఠాయించి, "మార్కులమ్మా, బయటికి రా!" అని గిన్నెలు మోగించారు. నేను తలుపు సందులోంచి వ్యాఖ్య రెండో భాగం చదివి వినిపించాను. ఒకాయన చెప్పు విసిరాడు. ఆ చెప్పు నెంబరు కూడా రాసి పెట్టుకున్నాను, ఎనిమిది. రోజు 152: ఇక్కడ ఇంకో నెలుంటే పిచ్చెక్కుతుంది, పడవ రాగానే వెళ్ళిపోతాను, ఏదో ఒకటి చేస్తాను, హిమాలయాలెక్కుతాను.

రోజు 190 తరవాత రోజుకి మూడు లైన్లు. తరవాత రెండు.

ఇదంతా రాసింది నేనే, దస్తూరీ నాదే. ఆ అమ్మాయికి అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చేదో అర్థం కావడంలేదు. పడవ ఇరవైమూడు రోజులు లేటు. నాకు వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు.

పోయిన బుధవారం మూడు మార్కులు వేశాను. ఎవరూ తిట్టలేదు. గవ్వపేటలో మూడు మార్కులకి ఎవరూ తిట్టకపోవడం ఇదే మొదటిసారి. అది వింతగా ఉందని తెలుస్తోంది. వింతగా అనిపించడంలేదు, తెలుస్తోంది అంతే.

రోజు 216

అడుగు అంతస్తుకి దిగాను. దిగుతున్నకొద్దీ ఊపిరి పొట్టిదైంది. నడవాలో ఇద్దరు గోడకానుకుని కూర్చుని ఉన్నారు, షిఫ్టు బట్టల్లో. షిఫ్టు మొదలయ్యే వేళ అది.

సున్నం కొట్టు అన్నిటికన్నా కింద, నాలుగు మెట్లు లోతులో ఉంటుంది. గౌరునాయుడు పళ్ళాల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. అన్ని పళ్ళాలూ తెల్లగా, పండక్కి వెల్లవేసినట్టు ఉన్నాయి.

"కథలోది నిజమా?" అన్నాను.

"కత రాయమన్నారు కాబట్టి రాసినాను" అన్నాడు. "ముందు మా మేస్త్రీకి సెప్పినాను. 'అయితే కత రాయి' అన్నాడు."

రెండు గాజుసీసాలు తీశాడు. ఒకదాంట్లో తన పడక కింద దాచుకున్న డబ్బాలోంచి పిడికెడు సున్నం పోశాడు. "ఇది నాను సొయంగా సీలు తీసింది. బతికున్నది." రెండోదాంట్లో ఎదుట ఉన్న పళ్ళెంలోది పోశాడు. చూపులకి రెండూ ఒకటే. ఒక రబ్బరుగొట్టం ఇచ్చి ఊదమన్నాడు.

మొదటిదాంట్లోకి ఊదాను. సీసా అరచేతిలో వెచ్చబడింది, నిద్రలేచిన పిల్లి పొట్టలా. రెండోదాంట్లోకి ఊదాను. ఇంకా ఊదాను. కళ్ళు తిరిగేదాకా ఊదాను. చల్లగానే ఉంది.

"ఎన్ని పళ్ళాలు చచ్చినవి?"

"సగం పైనే. ఏవో తెల్దు, కలిపేసినారు. పైమిద్దెలో అత్తెవసరానికి దాసిన సున్నం డబ్బాలున్నాయి, అరవై. ఆర్డరు లేందే సీలు తియ్యకూడదు."

"మరి గాలి మీటరు పచ్చగా ఉందిగా?"

"ఆ మీటరు మనలాటిదేనమ్మా. వారంలో అన్నిటికన్నా తక్కువ సెడ్డగున్న గాలేదో సూసుకుని, అదే మంచిగాలి అనుకుంటాది. రోజూ కూసింత కూసింత సెడితే దానికీ అలవాటైపోద్ది."

అతని దగ్గర ఆ సొంత డబ్బాలోది నాలుగు పళ్ళాలకి సరిపడా ఉంది. ఆ నాలుగూ పడకల హాల్లో, తన భార్య పైడమ్మ పడుకునే వరస ముందర పెట్టాడట. తను ఇక్కడే పడుకుంటున్నాడు, పళ్ళాలు కనిపెట్టుకుని.

"ఇక్కడైతే ఇంకా చెడ్డగాలి కదా" అన్నాను.

"అవును" అన్నాడు.

తరవాత నేను మెట్లెక్కి పైకొచ్చాను. మేనేజరు సత్యవాణి గారికి చెప్పాలి.

రోజు 217

సత్యవాణి గారికి చెప్పాలి. చెప్పలేదు. బీరకాయ కూర.

రోజు 218

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాయాలి. ఆవిడ గది నా గదికి పదహారు అడుగుల దూరం. ఒకసారి తలుపు దాకా వెళ్ళాను. లోపల దగ్గు వినపడింది. పనిలో ఉన్నారేమో అనుకుని వచ్చేశాను. భయం కాదు. బద్ధకం కూడా కాదు, బద్ధకంలో కొంచెం సుఖం ఉంటుంది.

రోజు 219

పైడమ్మ వచ్చింది. ఐదంతస్తులు ఎక్కి, నా గుమ్మం పట్టుకుని, మాట రావడానికి చాలాసేపు పట్టింది. వంటగదిలో కూరలు తరుగుతుంది, కత్తిపీట మీద ఎక్కువసేపు కూర్చునేవాళ్ళ నడుము ఆవిడది.

"మూడు మార్కులేసింది నువ్వేనా తల్లీ?"

"నేనే."

"మా ఆయన పొద్దున లేపితే లెగలేదు. నీల్లు కొడితే లెగిసినాడు. నన్ను సూసి, 'నువ్వెవులివి' అన్నాడు. తరవాత గేపకమొచ్చింది. పైకి రమ్మంటే రాడు. పళ్ళాలు పోతాయట. ఎవుడెత్తుకుపోతాడు, సచ్చిన సున్నం?" మాటల్లో కోపం ఉండాల్సిన చోట ఏమీ లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఒక్కొక్కటీ తీసి పెడుతోంది. "ఆ కత ఆడించండి. ఆడితే ఓడిపోతాది, ఓడితే చీటీ వస్తాది. అంతే కదా?"

సత్యవాణి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. గుడివాడ మనిషి, యాభై దాటాయి, కళ్ళద్దాలు ముక్కు చివర. బల్ల మీద ఫైళ్ళేమీ లేవు. ఊరికే కూర్చుని ఉన్నారు. సీసాల సంగతి, మీటరు సంగతి చెప్పాను. అన్నీ విన్నారు.

"అమ్మాయ్, నువ్వే కదా మూడేశావ్?"

"అవునండీ."

"మరి మూడొచ్చిన కథకి నేను డబ్బాలెలా తీయిస్తానే? రేపు ప్రతివాడూ వస్తాడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "బుధవారం చూద్దాంలే."

"బుధవారం అయిపోయిందండీ. ఇవాళ శనివారం."

"వచ్చే బుధవారం."

ఇంకో దారి ఉంది. మార్కులు వేసినవాళ్ళు తమ మార్కుని తామే కొట్టేయొచ్చు. అలా కొట్టేస్తే కథ తిన్నగా బల్లెక్కుతుంది. కొట్టేసినవాళ్ళ దగ్గర పెన్ను లాగేసుకుంటారు. మళ్ళీ ఎక్కడా, ఏ పేటలోనూ, మార్కులు వెయ్యనివ్వరు. నాకు ముందు ఈ పని చేసిన వరాహమూర్తి గారు పదేళ్ళలో ఒక్క మార్కు కూడా కొట్టేయలేదని గర్వంగా చెప్పేవారట. ఆయన పెన్నే నాకిచ్చారు. ఇది పోతే నా ఎమ్మేకి ఇంకెక్కడా పని లేదు. నెల క్రితమైతే రాత్రంతా దొర్లేదాన్ని.

ఏమీ అనిపించలేదు. అందువల్ల తేలికైంది. గోడ మీది కాగితంలో 3 మీద అడ్డగీత గీసి, సంతకం పెట్టి, పెన్ను సత్యవాణి గారి బల్ల మీద పెట్టాను.

"అయ్యో" అన్నారావిడ. పెన్నుని సొరుగులో వేశారు.

ఈ పుస్తకం కూడా ఇచ్చేయాలి. ఎవరూ అడగలేదు. మిగతాది పెన్సిలుతో.

రోజు 220

ఆట.

రాత్రి భోజనాలయ్యాక మొదలు. నలుగురు కావాలి. అన్వర్‌ని మంచం మీంచి లేపాను. తారకేశ్వరి గారిని మిషను దగ్గర్నుంచి తీసుకొచ్చాను. సూదిలో దారం లేదు, ఊరికే తొక్కుతున్నారు. సత్యవాణి గారు తనే వచ్చారు. నాలుగో మనిషి దొరకలేదు. పైడమ్మ, "నానాడతాను" అంది.

బల్ల మీద గవ్వపేట ఐదంతస్తులూ గళ్ళుగా గీసి ఉంటాయి. ముప్పుకాయ ఒకటి ఎర్రటిది, రౌండుకో గడి దిగుతుంది. గౌరునాయుడి కథకి ఆరు గళ్ళు. ఆరో గడిలో అడుగు అంతస్తు పోతుంది. గెలవాలంటే రెండు కాయలు సున్నం కొట్టు గడికి చేరాలి. పళ్ళాలన్నీ మార్చడం ఒక్కరి వల్ల కాదు, ఇద్దరుండాలి.

పైడమ్మ గవ్వలేసింది. నాలుగు. తన కాయని తిన్నగా సున్నం కొట్టుకి దింపి, వేలు తీయకుండా పట్టుకుంది.

"వేలు తియ్యొచ్చు పైడమ్మా" అన్నాను.

"ఉండనీ."

అన్వర్‌కి ఆరు పడింది. ఆరంటే పైమిద్దె నుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

"వదిలేసినా" అన్నాడు.

అన్వర్ నోటివెంట ఆ మాట ఎప్పుడూ వినలేదు. బల్ల పక్క పదహారేళ్ళ ఆటల పుస్తకం ఉంటుంది, ప్రతి ఎత్తూ రాసింది. తరవాత అన్ని పేజీలూ చూశాను. వదిలెయ్యడం రూల్లో ఉంది, ఒక్కరూ ఎప్పుడూ వాడలేదు.

"నేనూ వదిలేస్తున్నానమ్మా" అన్నారు తారకేశ్వరి గారు. "ఇందులో ఆక్టోపస్ లేదు కదా?"

"లేదు."

"అదే."

సత్యవాణి గారికి మూడు పడింది. కాయ తీశారు, గాల్లో పట్టుకున్నారు, ఎక్కడినుంచి తీశారో మళ్ళీ అక్కడే పెట్టారు.

ఎర్రకాయ ఒక గడి దిగింది. పైడమ్మ వంతు వచ్చినప్పుడల్లా గవ్వలేసి, ఎంత పడిందో చూడకుండా, "ఇక్కడే ఉన్నాను" అనేది. మూడో రౌండులో అన్వర్‌కి మళ్ళీ ఆరు.

"దిగొచ్చు నువ్వు" అన్నాను. నేను మాట్లాడకూడదు, మార్కులు వేసినవాళ్ళు బల్ల ముట్టకూడదు, నోరెత్తకూడదు. పెన్ను పోయింది కదా అని మాట్లాడాను. "అన్వర్, ఒక్క కాయ. దింపు. పైడమ్మ చెయ్యి ఒక్కటే సరిపోదు."

అతను నావైపు చూశాడు. వినపడింది. అర్థమైంది కూడా. కళ్ళల్లో చిన్నగా ఏదో కదిలింది, బురదలో చేప తిరిగినట్టు. మళ్ళీ సద్దుమణిగిపోయింది.

"తెలుస్తాంది ప్రసూనా" అన్నాడు. "చెయ్యి ల్యాదు."

చెయ్యి బల్ల మీదే ఉంది. ఐదు వేళ్ళూ ఉన్నాయి.

నేను ఆ కాయ దింపలేదు. మనం గెలిస్తే చీటీ రాదు కదా అని అప్పుడు లెక్క వేసుకున్నాననుకోవచ్చు. వేసుకోలేదు. ఊరికే నిలబడ్డాను.

ఆరు రౌండ్లు. పద్దెనిమిది వదిలేయడాలు. ఎర్రకాయ అడుగుకి చేరి, పైడమ్మ వేలి పక్కన ఆగింది. బల్ల అంచు కిర్రుమంది. చీటీ బయటికొచ్చింది: అడుగు అంతస్తు, సున్నం పళ్ళాలు మొత్తం మార్పు, అత్యవసర డబ్బాలు అరవై తెరవాలి, వెంటనే.

నలుగురూ లేచారు. చీటీ వస్తే లేవడం అలవాటు. అన్వర్ సైరను మోగించాడు, జనం గదుల్లోంచి వచ్చి మెట్ల మీద వరస కట్టారు, డబ్బాలు చేతులు మారాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. ఇంత పెద్ద పనికి ఇంత తక్కువ చప్పుడు నేను ఎన్నడూ వినలేదు.

రోజు 221

పొద్దున ఆరింటికి మొదటి డబ్బాలు సున్నం కొట్టుకి చేరాయి. గౌరునాయుడు పీట మీద, గోడకి వీపు ఆన్చి, ఒళ్ళో ఒక పళ్ళెం పెట్టుకుని ఉన్నాడు. వేళ్ళు సున్నంలో. ఆ వేళకే చల్లబడిపోయాడు.

పైడమ్మకి నేనే చెప్పాను.

"అలాగా" అంది. దగ్గరికెళ్ళి ఒళ్ళోంచి పళ్ళెం తీసి పక్కన పెట్టింది. "ఇది సచ్చినదే" అంది. సున్నాన్ని అన్నదనుకుంటాను.

పడకల హాల్లోకి మోసుకొచ్చి, ఆవిడ వరసలోనే పడుకోబెట్టారు. మిగతా ఇరవైతొమ్మిదిమందిని పైకి పంపేశారు. అందరూ నడిచే వెళ్ళారు. పైడమ్మ కదలనంది. పడవ వచ్చేదాకా శవం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, అంది. ఆ నాలుగు పళ్ళాలూ ఆమె చుట్టూ ఉన్నాయి. కాంపౌండరు ఆమె నాడి చూసి, ఫరవాలేదన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనం చేశారు. నేనూ చేశాను. రెండోసారి పెరుగు వేయించుకున్నాను.

అది రాసి ఉంచాలి.

రోజు 223

మనుషులంతా పైకొచ్చేశారు కనుక, కిందికి దింపిన డబ్బాలు కూడా వెనక్కి ఎక్కించి, కొత్త సున్నాన్ని ముందు పైమిద్దె ఫ్యాన్లకి పెట్టారు. పైనుంచి ఒక్కో అంతస్తూ శుభ్రం చేసుకుంటూ దిగుతున్నారు. అడుగుకి గాలి చేరేసరికి ఇవాళ సాయంత్రం నాలుగవుతుందని అన్వర్ లెక్క.

పొద్దున తలనొప్పి లేకుండా మెలకువొచ్చింది. దీపం రంగు ముదురుగా కనిపించింది. మొహం కడుక్కుంటూ ఉండగా రెండు రోజులు గుర్తొచ్చాయి. 217, 218. పదహారు అడుగులు. బీరకాయ కూర. చెంబు జారి పడిపోయింది. కింద కూర్చుండిపోయాను. నోట్లోంచి వచ్చిన శబ్దం నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది.

నడవాలోకి వస్తే సత్యవాణి గారు గుమ్మంలో కూలబడి ఉన్నారు. వాళ్ళమ్మ పోయి రెండునెలలు. ఆ వార్త వచ్చిన రోజు ఆవిడ సంతకం పెట్టి టెలిగ్రాం తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారట. "మా అమ్మ పోయిందే" అని నా చెయ్యి పట్టుకున్నారు, ఇప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టు. "నేను వెళ్ళలేదే. అడగను కూడా లేదే, పడవ పంపమని." ఎదురుగా ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఎప్పటిదో దుప్పటి గొడవ, కొట్టుకుంటూనే ఏడుస్తున్నారు.

పది గంటలకి నాలుగో అంతస్తు మొదలైంది. మెట్ల మీద నిలబడితే వినపడుతోంది, ఒక్కో అంతస్తే, వాన ఊరిమీద నడిచి వస్తున్నట్టు. ఒంటిగంటకి మూడోది. తారకేశ్వరి గారు కాగితాలన్నీ చింపుతూ, "నేనిన్ని తలుపులు వేయించాను, ఒక్క సున్నం డబ్బా తెరిపించలేదమ్మా, ఒక్కటంటే ఒక్కటి" అంటున్నారు. ఎవరో ఆవిణ్ణి పట్టుకోబోతే విదిలించుకున్నారు. రెండున్నరకి రెండో అంతస్తు. అన్వర్ అక్కడ ఫ్యాను బిగిస్తూ పానా కింద పడేసి, తన కుడిచేతిని ఎడమచేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆపాను.

"ఆరు పడినాది" అన్నాడు. "రెండుసార్లు ఆరు పడినాది ప్రసూనా."

"అది ఆట అన్వర్. నువ్వు దిగుంటే చీటీ వచ్చేది కాదు."

"నాకు తెల్సునా ఆ మాట? తెల్సి వదిలేసినానా?"

లేదు. నాకూ తెలియదు. ఆ మాటే చెప్పాను. పానా తీసి అతని చేతిలో పెట్టాను. ఇంకొక అంతస్తుంది.

మూడున్నరకి కిందికి దిగాను. దిగుతుంటే మళ్ళీ మొద్దుబారడం తెలుస్తోంది. ముందు వేళ్ళు, తరవాత మెడ, తరవాత లోపలిదంతా. పై నాలుగు అంతస్తుల ఏడుపూ తలుపు వేసినట్టు దూరమైపోయింది. హాయిగా ఉంది, ఆ మాట దాచను. ఇక్కడే ఉండిపోవచ్చనిపించేంత హాయి.

పైడమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వంటగది వాళ్ళు పంపలేదు, తనే తెప్పించుకుందట, ఊరికే కూర్చోలేక. పక్కన గౌరునాయుడు, మొహం దాకా దుప్పటి.

"పైన గోలేటి?" అంది.

"ఏడుస్తున్నారు."

"ఎవుల కోసం?"

"ఒక్కొక్కరు ఒక్కొక్కరి కోసం."

కాయ తుంచింది, ఈనె లాగింది, గిన్నెలో వేసింది. "నాకు రావట్లేదు తల్లీ" అంది. "పాతికేళ్ళు కాపరం సేసినాను. సూస్తన్నాను, రావట్లేదు. నాను మంచిదాన్ని కాదేటో."

"గాలి చెడ్డది పైడమ్మా. నాలుగింటికి మంచిగాలి వస్తుంది. అప్పుడు వస్తుంది."

"నాలుగింటికా?"

"అన్వర్ లెక్క."

ఆలోచించింది. "పైకి పద అంటావేటో అనుకున్నాను" అంది.

"అనను."

"అయితే ఇలగొచ్చి కూకో."

నా మార్కు నేను కొట్టేయడానికి ఎన్ని రోజులు పట్టిందో, అందులో రెండు రోజులు అన్నీ తెలిసి కూడా ఎలా గడిపానో ఆమెకి చెప్పాను. ఇప్పుడే చెప్పడం మేలనుకున్నాను, వినేటప్పుడు నొప్పి తెలియదని. చెప్పడం అయ్యాక అర్థమైంది, తెలియకుండా చెప్పడం దొంగతనమని. అందుకని, "నాలుగయ్యాక మళ్ళీ చెప్తాను" అన్నాను.

"సెప్పు" అంది. గిన్నె ఇద్దరి మధ్యకి జరిపింది. నేనూ కాయలు తీసుకున్నాను.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా సున్నం కొట్టులోంచి అన్వర్ కేకేశాడు, ఫ్యాను వేస్తున్నానని. ముందు మోత. తరవాత గౌరునాయుడి దుప్పటి అంచు కొద్దిగా లేచి, పడింది. పైడమ్మ చెయ్యి చాచి ఆ అంచుని పరుపు కిందికి దోపింది, చలేస్తుందేమోనన్నట్టు. దోపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏవండీ" అంది, మెల్లగా, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు.

గిన్నె పక్కకి తీసి, ఆమెని పట్టుకున్నాను.